ట్రేడ్ కాపీ అవుతుంది, తట్టుకునే శక్తి కాదు: 1998 కథ

బాగా సంపాదిస్తున్నవాణ్ని చూసి అవే ట్రేడ్లు మనమూ పెట్టేయడం యాప్‌లతో పుట్టిన ఐడియా ఏం కాదు. 1990ల్లో వాల్ స్ట్రీట్ బ్యాంకులే ఆ పని చేశాయి.

1994లో జాన్ మెరివెదర్ అమెరికాలో లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్ మొదలుపెట్టాడు. అతని టీమ్‌లో మైరన్ షోల్స్, రాబర్ట్ మెర్టన్ ఉన్నారు. 1997లో ఆ ఇద్దరికీ ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చింది. వీళ్లు చేసే పనేంటంటే, దాదాపు ఒకేలాంటి రెండు బాండ్లలో చవకది కొని, ఖరీదైనది అరువు తెచ్చి అమ్మడం. కొన్నాళ్లకి రెండు ధరలూ దగ్గరికొస్తాయి, ఆ తేడానే లాభం. తేడా మరీ చిన్నది కాబట్టి, అప్పు తెచ్చి భారీగా పెట్టేవాళ్లు. 1995, 1996లో ఏటా 40 శాతం పైనే రాబడి వచ్చింది.

అది చూసి మిగతా బ్యాంకుల ట్రేడర్లూ అవే ట్రేడ్లు పెట్టారు. అందరూ ఎగబడేసరికి ఆ తేడా ఇంకా సన్నబడింది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. 1997 చివర్లో ఈ ఫండ్ సుమారు 270 కోట్ల డాలర్లు ఇన్వెస్టర్లకి తిరిగిచ్చేసింది. పొజిషన్లు మాత్రం ఆ మేరకు తగ్గించలేదు. 1998 మొదట్లో సొంత డబ్బు సుమారు 470 కోట్ల డాలర్లు, ఆస్తులేమో సుమారు 12,900 కోట్లు. అంటే రూపాయి పెట్టుబడి మీద 27 రూపాయల సరుకు. అకౌంట్ చిన్నదైంది, లీవరేజ్ దానంతటదే పెరిగింది. నికరంగా 4 శాతం నష్టమొస్తే సొంత డబ్బంతా హుష్‌కాకి!

1998 జులైలో సాలమన్ సంస్థ ఇలాంటి ట్రేడ్లు చేసే తన అమెరికా బాండ్ల డెస్క్‌ని మూసేసింది. ఆగస్టు 17న రష్యా తన అప్పుల చెల్లింపు ఆపేసింది. మార్కెట్ భయపడిపోయింది. అందరి దగ్గరా అవే పొజిషన్లు, అందరూ అమ్మేవాళ్లే! ఆగస్టు 21న ఒక్కరోజే ఫండ్‌కి సుమారు 55 కోట్ల డాలర్లు పోయాయి. సెప్టెంబర్ 23న న్యూయార్క్ ఫెడ్ చొరవతో 14 సంస్థలు సుమారు 360 కోట్ల డాలర్లు వేసి దాన్ని చేతిలోకి తీసుకున్నాయి.

తమాషా ఏంటంటే, ఆ 14 సంస్థలు తర్వాత తమ డబ్బు కాస్త లాభంతోనే వెనక్కి తీసుకున్నాయి. అంటే పొజిషన్లు తేరుకున్నాయి. అప్పటిదాకా ఆగే శక్తి పాత అకౌంట్‌కి లేదు, అంతే.

ఇప్పుడు మన ఫోన్‌కి వద్దాం. మీరు కాపీ చేసే ట్రేడర్ అకౌంట్‌లో 10 లక్షలున్నాయి, అతను 10 లక్షల పొజిషన్ పెట్టాడు. మీ దగ్గర 50 వేలే ఉన్నాయి. అదే పొజిషన్ యథాతథంగా మీకూ పడితే అతని లీవరేజ్ ఒకటి, మీది 20. ధర 5 శాతం పడితే అతనికి పోయేది 50 వేలే, ఇంకా తొమ్మిదిన్నర లక్షలుంటాయి. మీకు పోయేదీ 50 వేలే, కానీ మీ అకౌంట్ ఖాళీ. తర్వాత ధర తేరుకున్నా ఆ లాభం చూడ్డానికి మీరుండరు.

అందుకే కాపీ నొక్కే ముందు, పొజిషన్ మీ అకౌంట్ నిష్పత్తిలో పడుతోందా లేదా చూసుకోండి. అతని 10 లక్షలకి మీ 50 వేలు, అంటే ఇరవయ్యో వంతు. డబ్బు విత్‌డ్రా చేసిన ప్రతిసారీ సైజు కూడా తగ్గించండి. నోబెల్ వచ్చినవాళ్లున్న ఫండే ఆ లెక్క దగ్గర దెబ్బతింది.