కీబోర్డులో టచ్ రెస్పాన్స్: చరిత్ర
ఎలక్ట్రానిక్ కీబోర్డులో కీ ఎంత వేగంగా కిందికి దిగిందో కొలిచి, ఆ లెక్కన స్వరాన్ని పలికించే ఏర్పాటు టచ్ రెస్పాన్స్. దీని సాంకేతిక నామం వెలాసిటీ. ప్రతి కీ కింద సాధారణంగా రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది తగిలాక రెండోది తగలడానికి ఎంత తక్కువ వ్యవధి పడితే దెబ్బ అంత గట్టిదన్నమాట.

రాయలసీమ పద్యనాటకాలకు, భజనలకు ఆధారమైన హార్మోనియంలో ఈ గుణం లేదు. మెట్టును ఎంత గట్టిగా నొక్కినా ఒకటే. ధ్వనిని పెంచేదీ తగ్గించేదీ తిత్తి ఊదే చెయ్యే. వేలి దెబ్బకు స్పందించే పియానోను 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరి రూపొందించాడు.

ఆ దెబ్బను కాగితంపై రాయడం మాత్రం కష్టమే. అందుకు ఉదాహరణ మదనపల్లెలోనే ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని బీసెంట్ థియొసాఫికల్ కళాశాలకు వచ్చి, ‘జనగణమన’ను అక్కడే ఇంగ్లిష్‌లోకి అనువదించాడు. దాని బాణీకి పాశ్చాత్య పద్ధతిలో నొటేషన్ రాసింది ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్. ఆమె ఐర్లండులో 1902లో సంగీత పట్టా పొందిన విదుషి. ఆ తరహా నొటేషన్ స్వరస్థానాన్నీ నిడివినీ కచ్చితంగా చెబుతుంది. వేలి బరువుకు మాత్రం మెల్లగా, గట్టిగా అనే స్థూలమైన గుర్తులే గతి.

ఆ బరువు అంకె కావడానికి మరో ఆరు దశాబ్దాలు పట్టింది. 80 కిలోలు దాటిన యమహా సీఎస్-80 సింథసైజర్ (1977) టచ్‌కు స్పందించేది. మరుసటి ఏడు వచ్చిన ప్రొఫెట్-5కు ఆ విద్య లేదు. 1983 జనవరిలో అమెరికాలోని నామ్ సంగీత వాద్యాల ప్రదర్శనలో ప్రొఫెట్-600నూ రోలాండ్ జూపిటర్-6నూ తీగతో కలిపి, ఒకదానితో రెండోదాన్ని పలికించారు. అలా లోకానికి తెలిసిన, వాద్యాలను కలిపే మిడి ప్రమాణంలో వెలాసిటీ విలువ 1 నుంచి 127 దాకా. సున్నా పంపితే స్వరం ఆపమని అర్థం. అదే ఏడాది వచ్చిన యమహా డీఎక్స్7లో గట్టిగా కొడితే శబ్దం పెరగడమే కాదు, నాదమే పదునెక్కేది, చక్కటి ఆలోచన. తర్వాతి శాంపిల్ కీబోర్డులు మెల్లటి దెబ్బకు ఒకటి, గట్టి దెబ్బకు ఇంకొకటిగా వేర్వేరు రికార్డింగులను వాడాయి.

2020 నాటి మిడి 2.0లో వెలాసిటీ మెట్లు 65,536.

నేడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలోనూ చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు మామూలే. ఆర్గాన్ టోన్లు చాలా మోడళ్లలో టచ్‌ను పట్టించుకోవు, అసలు వాద్యంలాగే. కీల కింది రబ్బరు కాంటాక్టుల్లో దుమ్ము చేరితే మెల్లగా తాకినా స్వరం ఒక్కసారిగా గట్టిగా పడవచ్చు, లేదా అసలు పలకకపోవచ్చు. కాసియో ఎస్‌ఏ తరహా చిన్న కీల మోడళ్లలో టచ్ సదుపాయం ఉండదు.