నాలుగు వాటాల మేడ

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కొని అద్దెలకిచ్చి చూడమని మన పెద్దలు అనలేదు. ఆ ముచ్చట తెలుసుకోవాలంటే పాతకాలపు రోము నగరానికి పోవాలి.

రెండు వేల ఏళ్ళ కిందట అక్కడ సొంతిల్లున్నవాళ్ళు బహు కొద్దిమంది. తక్కినవాళ్ళంతా ‘ఇన్సులా’ అనే అద్దె మేడల్లో ఉండేవాళ్ళు. కింద కొట్లు, పైన వాటాలు. పైకి పోయేకొద్దీ అద్దె తగ్గేది, మెట్లూ భయమూ పెరిగేవి. ఆ మేడలు కూలేవి, కాలేవి. చివరికి అగస్టస్ చక్రవర్తి 70 అడుగులకు మించి కట్టవద్దని శాసించాడు.

మహావక్త సిసిరోకు కూడా ఇలాంటి ఇళ్ళుండేవి. ఏథెన్సులో కొడుకు చదువు ఖర్చంతా వాటి అద్దెలమీదే వెళ్ళాలని లెక్క వేసుకున్నాడాయన. అవి భార్య టెరెన్షియా పుట్టింటినుంచి తెచ్చిన కట్నమేనని కొందరు చరిత్రకారులంటారు. చూశారా, అక్కడా అంతే!

క్రీ.పూ. 44లో ఆయన స్నేహితుడు అట్టికస్‌కు ఉత్తరం రాశాడు. పుటియోలీ రేవులోని కొట్లు రెండు కూలిపోయాయట, మిగతావి బీటలిచ్చాయట, అద్దెకున్నవాళ్ళే కాదు, ఎలుకలు కూడా మకాం మార్చేశాయట. మళ్ళీ కట్టించి, ఆ నష్టాన్నే లాభం చేసుకుంటానని ధీమా కూడానూ. అలా నవ్వగలిగాడంటే చేతిలో డబ్బుందన్నమాట. ఆ రెండు కొట్లే ఆధారమైన ఏ విధవరాలో అయితే నవ్వేదా?

క్రాసస్ అనే కుబేరుడిది మరో లెక్క. ఇల్లు తగలబడుతుంటే దాన్నీ, పక్క ఇళ్ళనీ కారుచౌకగా కొనేసేవాడని ప్లూటార్క్ రాశాడు. తిరిగి కట్టడానికి 500 మందికి పైగా బానిస మేస్త్రీలుండేవారు. ఒకరి కంగారు ఇంకొకరికి బేరం!

రెండో శతాబ్దంలో ఒక పెద్దమనిషి మండుతున్న మేడను చూసి అన్నమాటను గెల్లియస్ రాసిపెట్టాడు. పట్నపు ఇళ్ళమీద రాబడి ఎక్కువే, ప్రమాదం అంతకన్నా ఎక్కువ, నిప్పుకు విరుగుడుంటే పొలాలమ్మి ఇళ్ళే కొందునని దాని సారాంశం.

నేటికీ లెక్క అదే. నాలుగు వాటాల అద్దెను పన్నెండు నెలలతో గుణించి సంతోషపడితే చాలదు. ఖాళీగా ఉండే నెలలు, మరమ్మతులు, పన్నులు తీసేయాలి. ఒక ఏడాది రాబడి లేకపోయినా ఇల్లు గడుస్తుందా అని చూసుకోవాలి. అమ్మేవాడి తొందరకు కారణం అడగాలి. వాటాల్లో ఉన్న ఆడవాళ్ళను పలకరిస్తే వానాకాలం కథ వాళ్ళే చెబుతారు.

అన్నట్టు, ఎలుకలు లేని ఇల్లని మురిసిపోకండి. ఎప్పుడు ఖాళీ చేశాయో కనుక్కోండి!