కొమ్మునాల్కా

1917 విప్లవం తర్వాత రష్యా నగరాల్లో సంపన్నుల పెద్ద ఫ్లాట్లను గదుల లెక్కన వేర్వేరు కుటుంబాలకు పంచిపెట్టారు. అలా ఏర్పడ్డ ఉమ్మడి నివాసమే కొమ్మునాల్కా. గది మాత్రం కుటుంబానిది. వంటిల్లు, స్నానాలగది, మరుగుదొడ్డి, నడవా అందరివీ. మాస్కోలోనూ ఇవి విస్తారంగా ఉన్నా, వీటికి పేరుమోసిన ఊరు సెయింట్ పీటర్స్‌బర్గ్.

19వ శతాబ్దిలో అక్కడ అద్దెల రాబడి కోసమే అంతస్తుల భవనాలు లేచాయి. వీధివైపు ఫ్లాట్లలో విశాలమైన గదులుండేవి. యజమానులకు ముందు మెట్లు, పనివాళ్లకు నేరుగా వంటింట్లోకి తెరుచుకునే వెనక మెట్లు. పేదల ఇరుకు కాపురాలూ అప్పటికే ఉన్నాయి: దొస్తొయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’లో మర్మెలాదోవ్ సంసారమంతా పరాయివాళ్లు దాటిపోయే దారిగదిలోనే.

1918 ఆగస్టు 20 నాటి డిక్రీ నగరాల్లోని పెద్ద భవనాలపై సొంత హక్కును రద్దు చేసింది. పాత యజమానికి ఒకటి రెండు గదులు మిగిల్చి, తక్కినవాటిలోకి కార్మిక కుటుంబాలను దింపారు. ఈ వ్యవహారాన్ని రచయిత బుల్గాకోవ్ 1925లో ‘కుక్క గుండె’లో ఎగతాళి చేశాడు, ఆ నవలిక సోవియట్ దేశంలో అచ్చయింది 1987లో. 1930ల్లో ఫ్యాక్టరీ పనులకు పల్లెజనం వచ్చిపడటంతో గదులు మరీ కిక్కిరిశాయి.

ఇంటిని మార్చారనడం కన్నా నరికారనడమే సబబు. హాలుకు అడ్డంగా చెక్క తడిక వేస్తే, పైకప్పు నడిమి సున్నపు పువ్వు సగం ఒక వాటాకి, సగం పక్క వాటాకి పోయేది. వంటింటికీ, నీటి గొట్టాలకూ మాత్రం పెంపు లేదు. ఒక్క సంసారానికి కట్టిన వంటింట్లో ఇంటికొక బల్ల, బల్లకొక కిరసనాయిలు ప్రైమస్ స్టవ్వు చేరాయి. కరెంటు బిల్లు తగాదాలు పడలేక మరుగుదొడ్లో సైతం ఎవరి బల్బు వారిది, ఎవరి స్విచ్చు వారిది. వీధి తలుపు మీద ఎవరికి ఎన్నిసార్లు గంట కొట్టాలో రాసి ఉండేది. ఊడ్చి తుడిచే వంతు కుటుంబంలో తలల లెక్కన పడేది. గోడలు తీర్చని ఇబ్బందిని ఇలా కట్టుబాట్లతో నెట్టుకొచ్చారు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లితెయినీ వీధిలోని మురూజీ భవనం దీనికి మంచి ఉదాహరణ. 1870ల్లో మూరిష్ ఫక్కీలో కట్టిన ఈ భవనంలో విప్లవానికి ముందు రచయితలు మెరెజ్‌కోవ్‌స్కీ, గిప్పియుస్ దంపతులుండేవారు. 1955 నుంచి 1972లో దేశం వదిలేదాకా కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీ ఇక్కడి ఒక కొమ్మునాల్కాలోనే ఉన్నాడు. తల్లిదండ్రుల గదికీ తన అరగదికీ మధ్య అతను పెట్టుకున్న గోడ పుస్తకాల బీరువాలే. ఆ ఒకటిన్నర గది ఇప్పుడు మ్యూజియం.

1957లో కృశ్చేవ్ ప్రభుత్వం కుటుంబానికొక ఫ్లాటు లక్ష్యంగా భారీ నిర్మాణం చేపట్టాక జనం పాత ఇళ్లను ఖాళీ చేయసాగారు. 1991 చట్టంతో నివాసాలను సొంతం చేసుకునే వీలు కలిగింది. గదికొక యజమాని తేలడంతో చిక్కు మరో రూపం ఎత్తింది. ఒకరు గది అమ్మదలిస్తే ముందుగా ఫ్లాట్లోని తక్కిన యజమానులను అడగాలి. మొత్తం ఫ్లాటు అమ్మాలంటే అందరూ ఒప్పుకోవాలి, అందరికీ వేరే చోటు దొరకాలి. సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరపాలన 2008లో వీటిని ఖాళీ చేయించే పథకం మొదలుపెట్టింది. అయినా పాత నగరంలో వేలాది కొమ్మునాల్కాల్లో జనం నేటికీ కాపురం ఉంటున్నారు.