బోరుకు ఏ అనుమతి, షెడ్డుకు ఏ అనుమతి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం వారికి ఆన్‌లైన్ దారి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో భూమి కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు ఉంటే ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. వెయ్యి అడుగులు వేసినా తడి రాలేదని చెప్పే టమాట రైతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఒకే పగులు మీద రెండు బోర్లు పడితే పాత బోరు ఎండిపోతుంది, గట్టు పంచాయితీ మొదలవుతుంది. అప్పుడు అధికారులు మొదట అడిగేది ఒక్కటే: వాల్టా పర్మిషన్ ఉందా?

వాల్టా అంటే ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం. 2002లో వచ్చింది. అంతకుముందు తాగునీటి వరకే పరిమితమైన 1996 నాటి భూగర్భజల చట్టం ఉండేది, దాని స్థానంలో దీన్ని తెచ్చారు. ప్రజలు తాగే నీటి బోరుకు లేదా బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని ఈ చట్టం చెబుతోంది. భూగర్భజలం మితిమీరి తోడేసిన ప్రాంతాలుగా ప్రకటించిన చోట కొత్త తవ్వకాలు ఆపే అధికారం కూడా ఇచ్చింది. బోరు వేసే రిగ్గు లారీకి సైతం రిజిస్ట్రేషన్ ఉండాలి. మన వైపు తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గులు ఎక్కువ. వాళ్లు అడుగుకింత అని రేటు మాట్లాడుకుని రాత్రికి రాత్రే పని ముగించి వెళ్లిపోతారు. కేసు వస్తే చిక్కుకునేది భూమి యజమాని. కాబట్టి లారీ పొలంలోకి దిగక ముందే రిగ్గు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనాలి. కుప్పంలో మూడు రాష్ట్రాల సరిహద్దు కలుస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త అక్కడ మరీ అవసరం. లారీ ఏ రాష్ట్రానిదైనా, భూమి ఆంధ్రలో ఉంటే వర్తించేది వాల్టానే.

ఆన్‌లైన్‌లో వెతికేవారు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. ఫోన్‌లో బోర్‌వెల్ ఎన్‌ఓసీ అని కొడితే ఢిల్లీలోని కేంద్ర భూగర్భజల అథారిటీ వెబ్‌సైట్ వస్తుంది. 1997లో ఏర్పాటైన ఈ సంస్థకు 2024లో భూ-నీర్ అనే కొత్త పోర్టల్ కూడా వచ్చింది. కానీ భూగర్భజలాన్ని సొంత చట్టంతో నియంత్రించుకునే రాష్ట్రాల్లో అనుమతి ఇచ్చేది ఆ రాష్ట్రమే, ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఢిల్లీ పోర్టల్‌లో సేద్యానికి మినహాయింపు ఉందని చదివి, మనకేం అక్కర్లేదులే అనుకోవడం ఇంకో పొరపాటు. ఆ మినహాయింపు వాళ్ల నిబంధనల్లోది. మన పొలం బోరును చూసేది వాల్టా.

దరఖాస్తు పెట్టేది మీసేవ కేంద్రంలో లేదా గ్రామ, వార్డు సచివాలయంలో. పట్టాదారు పాస్ పుస్తకం, 1బి, అడంగల్, ఆధార్ తీసుకెళ్లాలి. బోరు వేయదలచిన చోటు ఏ సర్వే నంబరులో ఉందో, దగ్గర్లో ఎవరి బోర్లు ఉన్నాయో చూపే చిన్న స్కెచ్ కూడా గీసుకుని వెళితే పని తొందరగా తెములుతుంది. 1బి, అడంగల్ మీభూమి సైట్‌లో ముందే చూసుకోవాలి. తాత పేరు మీదే ఉన్న భూమికి మనవడు దరఖాస్తు పెడితే అక్కడే ఆగిపోతుంది. అలాంటప్పుడు మ్యుటేషన్ ముందు, బోరు తర్వాత.

దరఖాస్తు తహసీల్దారు కార్యాలయానికి వెళ్తుంది. భూగర్భజల శాఖ వాళ్లు స్థలం చూసి సాంకేతికంగా అభిప్రాయం చెబుతారు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చెప్పేవారిని పిలవడం మన వైపు మామూలే, పిలిస్తే తప్పనీ కాదు. అయితే టెంకాయ లేచి నిలబడిందన్నది ఫైలులో రాయడానికి పనికిరాదు.

రెండు చిన్న విషయాల్లో చాలామంది దెబ్బతింటున్నారు. ఒకటి ఫోన్ నంబరు. ఏజెంటు తన నంబరే ఇచ్చేస్తే ఓటీపీ, మెసేజ్‌లు అతనికే పోతాయి, ఫైలు ఎక్కడుందో మనకు తెలియదు. సొంత నంబరు ఇవ్వాలి, రసీదు మీది దరఖాస్తు నంబరు ఫోటో తీసి పెట్టుకోవాలి. రెండోది జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లా విడిపోయినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులో ఉండిపోయాయి. జిల్లాల మార్పుల మాట ఆ తర్వాత కూడా ఆగలేదు. పాస్ పుస్తకంలో ఏ జిల్లా ఉన్నా, దరఖాస్తు పెట్టే రోజున మీ తహసీల్దారు ఆఫీసు ఏ జిల్లా కింద ఉందో దాన్నే ఎంచుకోవాలి.

మసీదు వుజూ కోసమో, ఈద్గా, ఖబ్రస్తాన్ కోసమో బోరు అయితే భూమి వ్యక్తి పేరిట ఉండదు. ముతవల్లి తన ఆధార్ ఒక్కటే పట్టుకుని వెళితే ప్రశ్నలు తప్పవు. కమిటీ తీర్మానం, వక్ఫ్ గెజిట్‌లో ఆ ఆస్తి ఉన్న పేజీ నకలు ముందే సిద్ధం చేసుకోవడం మేలు.

నీళ్లు పడని బోరు సంగతి ఎవరూ పట్టించుకోరు. పసిపిల్లలు బోరు గుంతల్లో పడి చనిపోతుండటంతో సుప్రీంకోర్టు 2010లో ఆదేశాలిచ్చింది. బోరు వేసే 15 రోజుల ముందే అధికారులకు రాతపూర్వకంగా చెప్పాలి. పని జరిగేటప్పుడు బోర్డు, చుట్టూ కంచె ఉండాలి. కేసింగ్ చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి, అది నేల మీద 30 సెంటీమీటర్లు, నేలలో 30 సెంటీమీటర్లు ఉండాలి. కేసింగ్ పైపును ఇనుప మూతతో వెల్డింగ్ చేయాలి లేదా బోల్టులతో బిగించాలి. వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి. గోనెసంచి కప్పి దాని మీద బండరాయి పెట్టడం పూడ్చడం కాదు.

ఇక షెడ్డు, మిల్లు, క్వారీ పెట్టేవారి దారి వేరు. వీరికి కావాల్సింది కాలుష్య నియంత్రణ మండలి అనుమతి. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద రెండు మెట్లు ఉన్నాయి. కట్టడం మొదలుపెట్టక ముందు స్థాపన అనుమతి, దాన్నే సీఎఫ్ఈ అంటారు. యంత్రాలు తిప్పక ముందు నడిపే అనుమతి, అంటే సీఎఫ్ఓ. మొదటిది చేతికొచ్చింది కదా అని ఉత్పత్తి మొదలుపెట్టకూడదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పరిశ్రమల అనుమతులన్నిటికీ రాష్ట్రం పెట్టిన సింగిల్ డెస్క్ పోర్టల్ ఉంది. ఫీజు పెట్టుబడిని బట్టి ఉంటుంది, అందుకే చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ అడుగుతారు.

ముందు తెలుసుకోవాల్సింది మన పని ఏ రంగులో ఉందన్నది. కాలుష్యాన్ని బట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అని విభజించారు. 2016 జాబితాలో తోళ్ల శుద్ధి, కబేళా ఎరుపులో, స్టోన్ క్రషర్ నారింజలో ఉన్నాయి. 2025లో కేంద్ర మండలి ఈ వర్గీకరణను సవరించింది, కాబట్టి పాత జాబితా చూసి ఫీజు కట్టొద్దు. తెలుపులో ఉన్న పనులకు ఈ అనుమతులు అక్కర్లేదని కేంద్రం 2024లో మినహాయింపు ఇచ్చింది.

తోళ్ల వ్యాపారం చేసే కుటుంబాలకు ఎరుపు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కుప్పం వైపు నుంచి పారే పాలారు దిగువన వాణియంబాడి, అంబూరు ఉన్నాయి. అక్కడి టానరీలు వదిలిన నీటితో బావులు, పొలాలు పాడయ్యాయన్న కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాడుచేసినవాడే నష్టం భరించాలంది, ఒక్కో టానరీకి 10,000 రూపాయల జరిమానా వేసింది. సమ్మతి పత్రం కోసం మండలి దగ్గరకు వెళ్లేలా వాటిని కట్టడి చేసింది.

కుప్పం గ్రానైట్ క్వారీలకు పర్యావరణ అనుమతి కూడా కావాలి. అయిదు హెక్టార్ల లోపు చిన్న లీజులకూ ఇది తప్పదని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. 2018లో మొదలైన పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, గనుల శాఖ ఆమోదించిన మైనింగ్ ప్లాన్ దానికి జత చేయాలి. ఏనుగుల అభయారణ్యం కౌండిన్య ఈ వైపే ఉంది. లీజు స్థలం దానికి ఎంత దూరమో డబ్బు పెట్టక ముందే అటవీ శాఖ దగ్గర కనుక్కోవాలి.

ఫైలు కదలకపోతే ఏం చేయాలి? నీటి చట్టం 25వ సెక్షన్ ప్రకారం నాలుగు నెలల్లో మండలి ఇవ్వకుండా, కాదనకుండా ఊరుకుంటే సమ్మతి ఇచ్చినట్టే లెక్క. కానీ ఆ గడువు పూర్తి దరఖాస్తు చేరిన రోజు నుంచి. ఒక కాగితం తక్కువైందని వెనక్కి పంపితే లెక్క మళ్లీ మొదలయ్యిందంటారు, కాబట్టి పంపిన ప్రతి పత్రానికీ తేదీతో రసీదు దాచుకోవాలి. మండలి కాదంటే 30 రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు. బోరు ఫైలు తహసీల్దారు ఆఫీసులో ఆగితే సమాచార హక్కు చట్టం కింద, నా దరఖాస్తు ఏ తేదీ నుంచి ఎవరి దగ్గర ఉంది అని ఒక్క ప్రశ్న రాసి అయిదు రూపాయల ఫీజుతో ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు చెప్పాలి.