మంతనం: చాట్ గడిలో పాత మాట

మంత్రాలయం పాత పేరు మాంచాల. కొత్త పేరులోని 'మంత్ర'కు జపం ఒక్కటే అర్థం కాదు. సంస్కృతంలో ఆ ధాతువుకు చాటుగా ఆలోచించడం, సంప్రదించడం అనే అర్థాలున్నాయి. మంత్రి, మంత్రణం, ఆమంత్రణం అన్నీ ఆ కుదుటి మాటలే. మంత్రణమే తెలుగు నోట అరిగి మంతనమైంది. లాడ్జి వెబ్‌సైట్ మూలన తెరుచుకునే లైవ్ చాట్ గడికి ఇంతకంటే దగ్గరి మాట నాకు కనిపించదు: అడిగేవారికీ బదులిచ్చేవారికీ మధ్యనే సాగే సంభాషణ అది. ఇంగ్లీషు 'చాట్' పుట్టింది 'చాటర్' నుంచి, అంటే పిట్టల కిచకిచను అనుకరించే మాట నుంచి. గది ఖాళీ ఉందా అని అడగడం కిచకిచ కాదు కదా!

పత్రికలు మంతనాలను రాజకీయ నాయకులకు రాసిచ్చేశాయి, నిజమే. బటన్ మీద 'మంతనం' అని చూస్తే యాత్రికుడు ఏదో కుట్ర జరుగుతోందనుకోవచ్చు. పైగా తుంగభద్ర ఒడ్డునున్న ఈ ఊరికి కర్ణాటక భక్తులూ వస్తారు. వాళ్ల 'మాతు' మన 'మాట'కు తోబుట్టువు. అందుకే ఇక్కడి లాడ్జి ఏదైనా ఈ సదుపాయం కొత్తగా పెడితే, పైకి 'మాట్లాడండి' చాలు. సిబ్బంది తెర మీద, సాగుతున్న సంభాషణల పట్టికకు మాత్రం 'మంతనాలు' అని పేరు పెడితే ఎవరూ బెదరరు.