పల్మనరీ హైపర్‌టెన్షన్: కారణం తేలితేనే చికిత్స

గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని చేరవేసే ధమనిలో సగటు పీడనం 20 మిల్లీమీటర్ల పాదరసమట్టాన్ని దాటితే అది పల్మనరీ హైపర్‌టెన్షన్. చేతికి పట్టీ చుట్టి చేసే బీపీ పరీక్షలో ఇది బయటపడదు. ఆయాసాన్ని ఆస్తమాగా పొరబడటమూ కద్దు. ఎకోలో అనుమానం కలిగితే, గుండె కుడి భాగంలోకి కెథెటర్ పంపి నిర్ధారిస్తారు.

భారత్‌లో రుమాటిక్ జ్వరం వల్ల దెబ్బతిన్న మిట్రల్ కవాటం నేటికీ దీనికి ఒక ముఖ్య కారణం. అలాంటి రోగులకు కావలసింది కవాట చికిత్స. ధమనులను వ్యాకోచింపజేసే మందులు వారికి హాని చేయవచ్చు.

ధమని గోడలే మందమయ్యే అరుదైన రకం వేరు. వంశపారంపర్య కేసుల్లో బీఎంపీఆర్2 జన్యులోపం పాత్ర 2000లో వెల్లడైంది. బోసెంటాన్, సిల్డెనాఫిల్ ప్రధానంగా ధమనులను వ్యాకోచింపజేస్తాయి. గోడల్లోని కణాల మితిమీరిన పెరుగుదలను అదుపు చేసే లక్ష్యంతో రూపొందిన సోటాటెర్సెప్ట్ ఇంజెక్షన్‌కు అమెరికా 2024 మార్చిలో ఆమోదం తెలిపింది. దీన్ని మూడు వారాలకోసారి ఇస్తారు.