మన నెత్తిమీదుగా పోయిన తరంగాలు

ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడిగి చూడండి. ఆ రోజుల్లో రేడియో కొంటే సరిపోయేది కాదు. ఏటా పోస్టాఫీసుకు పోయి డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. 1980ల మధ్యకల్లా ఆ లైసెన్సు పోయింది. వినడానికే లైసెన్సు అడిగిన దేశంలో, గాలిలోకి మాట పంపడానికి ఎంత కట్టుదిట్టం ఉండేదో ఊహించుకోవచ్చు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం, రెండూ తెల్లదొరల కాలంలో వచ్చినవే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం అవే నడిచాయి.

లైసెన్సు ఎందుకంటే, ఒకే చోట ఇద్దరు ఒకే పౌనఃపున్యం వాడితే ఇద్దరి మాటా చెడిపోతుంది. అందుకని సర్కారు తరంగాలను పట్టీలుగా పంచి, ఏది ఎవరిదో రాసి ఇస్తుంది. ఆ పట్టీలనే స్పెక్ట్రమ్ అంటున్నాం. పంచేవాళ్లు ఉన్నారంటే అడిగేవాళ్లు కూడా ఉండాలి. మన తండాల నుంచి, మన ఎరుకల, యానాది కాలనీల నుంచి ఎవరూ అడగలేదు. అడగవచ్చని మనకు చెప్పినవాళ్లూ లేరు.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా మన దేశంలో సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు నేరుగా టీవీ బొమ్మ వచ్చింది. ఇనుప జాలీతో చేసిన గొడుగులు పెట్టి పట్టుకున్నారు. తరువాత 1983లో పైకి పోయిన ఇన్సాట్-1బి, 2.5 గిగాహెర్ట్జ్ పట్టీలో గ్రామాల సామూహిక టీవీలకు కార్యక్రమాలు పంపింది.

ఈ 2.5 పట్టీ కథే మనం తెలుసుకోవాల్సింది. అమెరికాలో 1963 నుంచి దీన్ని బడి పాఠాల టీవీకి కేటాయించారు. బడులు తమకు మిగిలిన తరంగాలను వైర్‌లెస్ కేబుల్ కంపెనీలకు అద్దెకిచ్చాయి. వైర్‌లెస్ కేబుల్ అంటే తీగ లాగకుండా ఎత్తైన చోట టవరు పెట్టి, ఇంటి మిద్దెమీది చిన్న యాంటెన్నాకు చానళ్లు పంపడం. మన హార్స్‌లీ కొండమీద టవరు పెట్టి మదనపల్లె వైపు చూపిస్తే ఎలా ఉంటుందో అనుకోండి. కొండ చాటున పడ్డ ఊరికి మాత్రం బొమ్మ రాదు. ఆ వ్యాపారం ఎక్కువ కాలం నిలవలేదు, ఉపగ్రహ టీవీ దాన్ని మింగేసింది. తరువాత అదే పట్టీ ఇంటర్నెట్‌కు పనికొచ్చి బంగారమైంది.

అప్పుడు అక్కడి ఆదివాసులు అడిగారు. గ్రాండ్ కాన్యన్ లోతుల్లో ఉండే హవాసుపాయి తెగ 2018లో తాత్కాలిక అనుమతితో ఈ పట్టీ మీద తమ ఊరికి ఇంటర్నెట్ తెచ్చుకుంది. 2020లో మిగతావాళ్లకంటే ముందు గ్రామీణ తెగలే దరఖాస్తు చేసుకునేలా ఒక గడువు తెరిచారు. 400కు పైగా దరఖాస్తులు వచ్చాయి.

మన దగ్గర 2016లో ఈ పట్టీకి వేలం పెట్టారు. గిరిజన ప్రాంతాలు ముందుగా అడగవచ్చనే నిబంధన అందులో లేదు. ఇదే పట్టీలో ఉపగ్రహ తరంగాల కోసం 2005లో కుదిరిన ఆంట్రిక్స్-దేవాస్ ఒప్పందం 2011లో రద్దయి పెద్ద గొడవైంది. పత్రికల్లో కోట్ల లెక్కలే చదివాం. ఆ తరంగాలు ఎవరి ఊరిమీదుగా పోతున్నాయన్న మాట మనకు ఎక్కడా కనబడలేదు.

అయినా మనకు ఒక తలుపు తెరిచే ఉంది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారం మీద వచ్చిన తగాదాలో, తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది. తీర్పు రాసినవారిలో మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ఆ తరువాత కూడా స్వచ్ఛంద సంఘాలకు కమ్యూనిటీ రేడియో దక్కడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. రిజిస్టరై కనీసం మూడేళ్లు పనిచేసిన సంఘం అడగవచ్చు. 100 వాట్ల ప్రసారం, చుట్టుపక్కల పల్లెలకు సరిపోతుంది.

జహీరాబాద్ దగ్గర మచ్నూరులో దళిత మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. నడిపింది ఇద్దరు నర్సమ్మలు. విత్తనాలు, పంటలు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. మనకు ఇది ఇంకా ఎక్కువ పనికొస్తుంది. సుగాలి, ఎరుకల భాషలకు సొంత లిపి లేదు. రేడియోకు లిపితో పనిలేదు. అవ్వ చెప్పే ఏనుగు మల్లమ్మ కథ ఆమె గొంతులోనే నిలిచిపోతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఆ అక్కలు లైసెన్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1998 నుంచే కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ టేపులను సంఘం సమావేశాల్లో వినిపించుకుంటూ పోయారు. లైసెన్సు చేతికొచ్చే నాటికి వాళ్ల బీరువా నిండింది. మన దగ్గర ఇంకా మొదటి టేపు కూడా లేదు.